దుబాయ్‌లో విమానం మారాలి, మధ్యలో రెండున్నర గంటలు కూడా లేవు

ప్రశ్న: నమస్తే అమ్మా. నా వయసు 61. మాది తణుకు. మా అబ్బాయి అమెరికాలో డల్లాస్ పక్కనే ప్లేనోలో ఉంటాడు. కోడలికి నెలలు నిండుతున్నాయి, పురిటికి రమ్మన్నారు. మావారికి పొలం ఉంది, ఆయన కదలలేరు. హైదరాబాదులో ఎక్కి, దుబాయ్‌లో మారి, డల్లాస్ దాకా నేనొక్కదాన్నే వెళ్ళాలి. రెండూ ఎమిరేట్స్ విమానాలే. దుబాయ్‌లో మధ్యలో ఉన్నది 2 గంటల 25 నిమిషాలు. ఇంతవరకు నేను విమానం ఎక్కింది ఒక్కసారి, అదీ తిరుపతి నుంచి హైదరాబాదుకి. ఇంగ్లీషు చదవగలను కానీ మాట్లాడలేను. ఆ టైము సరిపోతుందా? పెట్టెలు దుబాయ్‌లో నేనే తీసుకుని మళ్ళీ ఇవ్వాలా? విమానం తప్పిపోతే నా గతేంటి? అబ్బాయి వీల్‌చైర్ పెట్టిస్తానంటున్నాడు. రోజూ గుడిదాకా నడిచి వెళ్ళి వచ్చే మనిషిని, కుర్చీలో కూర్చుని తోయించుకోవాలంటే సిగ్గుగా ఉంది. పచ్చళ్ళు, శొంఠిపొడి, గసగసాలు పట్టుకెళ్ళొచ్చా? పది రోజులుగా నిద్ర పట్టడం లేదు.
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: అక్కయ్యగారూ, మీ రైలు లైన్లో వాళ్ళకి నిడదవోలు జంక్షన్లో దిగి మెయిన్ లైను బండి పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. దుబాయ్‌లో చేయాల్సిందీ అదే. పైగా నిడదవోలులో సామాను మీరే మోసుకుంటూ మెట్లెక్కాలి, దుబాయ్‌లో మీ పెద్ద పెట్టెల్ని మీరు ముట్టుకోనక్కర్లేదు. అవి ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి వాటంతట అవే వెళ్ళిపోతాయి. మీరు మారాల్సింది మీ ఒక్కరే, చేతి సంచితో. ఇరవై ఏళ్ళకు పైగా టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నాను. మీలాంటి అమ్మలని, అత్తలని, అమ్మమ్మలని ఎంతమందిని పంపించానో లెక్క లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ 2 గంటల 25 నిమిషాల సంగతి. సరిపోతుంది. కానీ అది మీరనుకుంటున్నంత టైము కాదు. అందుకే లెక్క వేసి చూపిస్తాను. అంతా కలిపి 145 నిమిషాలు. విమానం వచ్చి ఆగాక అందరూ లేచి, పైనున్న సంచులు దించుకుని, మీ వరస కదిలి మీరు బయటపడేసరికి 20 నిమిషాలు వేసుకోండి. అవతలి చివర, విమానం బయల్దేరే టైముకి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. టికెట్ మీద రాత్రి రెండున్నర అని ఉంటే రెండుం పదికి తలుపు పడినట్టే లెక్క. మిగిలింది 105. నడక, మళ్ళీ సెక్యూరిటీ తనిఖీ, అవసరమైతే లోపలి రైలు, వీటికి 45 తీసేయండి. ఇక 60. అమెరికా వెళ్ళే విమానాలకి గేటు దగ్గర కూడా పాస్‌పోర్టు చూడటం, ఒకటి రెండు ప్రశ్నలడగటం, కొందరి సంచులు విప్పించడం ఉంటాయి. కాబట్టి గేటు మూసే టైముకి కనీసం 40 నిమిషాల ముందు అక్కడ ఉండాలి. అది కూడా తీసేస్తే మీ చేతిలో నికరంగా మిగిలేది 20 నిమిషాలు. మొదటి విమానం కాస్త ఆలస్యమైనా, దూరంగా ఆపి బస్సులో తీసుకొచ్చినా ఆ 20 కూడా ఉండవు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. కనెక్షన్ తప్పినవాళ్ళని నేను చాలామందిని చూశాను. నడవలేక తప్పినవాళ్ళు తక్కువ. "ఇంకా టైముంది కదా" అని టీ తాగుతూ, చాక్లెట్ల కొట్లో తిరుగుతూ, కుర్చీలో కునుకు తీస్తూ తప్పినవాళ్ళే ఎక్కువ. దుబాయ్‌లో ఆ కొట్లు చూస్తే నాకే కాలు ఆగిపోతుంది. ముందు మీ గేటు ఎక్కడుందో కళ్ళారా చూడండి. టీ, బాత్రూము, అబ్బాయికి కబురు, అన్నీ ఆ గేటు ఎదురుగానే.

ఒక మాట మాత్రం మీ అబ్బాయిని అడగండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ నంబరు కింద ఉన్నాయా? రెండూ ఎమిరేట్స్ అన్నారు కాబట్టి ఉండే ఉంటాయి, అయినా ఒకసారి చూడమనండి. ఇది మీకంటే, ఇది చదువుతున్న మిగతావాళ్ళ కోసం ఎక్కువ చెబుతున్నాను. అయిదారు వేలు మిగులుతాయని దుబాయ్ దాకా ఒక కంపెనీలో, అక్కణ్ణించి వేరే కంపెనీలో విడివిడిగా టికెట్లు కొంటున్నారు ఈమధ్య. అలా కొంటే దుబాయ్‌లో ఇమిగ్రేషన్ (పాస్‌పోర్టు, వీసా చూసి దేశంలోకి పంపే చోటు) దాటి బయటికి రావాల్సి రావచ్చు, దానికి ఆ దేశపు వీసా కావాలి. పెట్టెలు మీరే తీసుకుని, ఇంకో టెర్మినల్‌కి వెళ్ళి మళ్ళీ ఇవ్వాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి మీతో సంబంధం లేదు, ఆ టికెట్ డబ్బు పోయినట్టే. పెద్దవాళ్ళని ఒంటరిగా పంపేటప్పుడు అలాంటి టికెట్ కొనే పిల్లల్ని నేను మొహమాటం లేకుండా తిడతాను. ఒకే టికెట్ అయితే కథ వేరు. ఏ విమానాశ్రయంలో మారడానికి కనీసం ఎంత టైము కావాలో లెక్క ఉంటుంది, అంతకన్నా తక్కువ ఉంటే అసలు ఒకే టికెట్‌గా అమ్మరు. ఆలస్యం వాళ్ళదైతే మిమ్మల్ని డల్లాస్ చేర్చే బాధ్యతా వాళ్ళదే. మీరింకా కొనకపోయి ఉంటే మాత్రం, మొదటిసారి కాబట్టి మూడున్నర, నాలుగు గంటలు ఉన్నది తీసుకోమనేదాన్ని.

ఇక ప్రయాణం. శంషాబాదులో పెట్టెలు ఇచ్చే కౌంటర్ దగ్గర రెండు బోర్డింగ్ పాసులు అడిగి తీసుకోండి, ఒకటి దుబాయ్ దాకా, ఇంకొకటి డల్లాస్ దాకా. పెట్టె పిడికి కట్టే కాగితం మీద పెద్ద అక్షరాలు చూడండి. డి, ఎఫ్, డబ్ల్యు అని ఉండాలి, అది డల్లాస్ గుర్తు. డి, ఎక్స్, బి అంటే దుబాయ్. చివరి ఊరి దగ్గర దుబాయ్ గుర్తు ఉంటే అక్కడే ఆపి "డల్లాస్, డల్లాస్" అనండి, చాలు, వాళ్ళకి అర్థమవుతుంది. మీకిచ్చే చిన్న రసీదులు పాస్‌పోర్టులో పెట్టుకోవద్దు, జారిపోతాయి. బోర్డింగ్ పాసు వెనక అంటించి ఇమ్మనండి.

మొదటి విమానంలో సీటు వీలైనంత ముందు వైపు, నడవా పక్కన ఉండేట్టు అబ్బాయినే ఇప్పుడే ఎంచమనండి. పెద్ద విమానంలో వెనక వరసల నుంచి బయటికి రావడానికే ఎంతో సేపు పడుతుంది. ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. దిగడానికి అరగంట ముందు, సీటు బెల్టు లైటు వెలగకముందే, బాత్రూముకి వెళ్ళి రండి. దిగాక ఆ పని కోసం వెతుక్కోవడం తప్పుతుంది. సీసాలో నీళ్ళుంటే అక్కడే తాగేయండి, తనిఖీలో ఎలాగూ పారబోయిస్తారు. ఖాళీ సీసా దాచుకోండి.

దుబాయ్‌లో దిగగానే అసలు పరీక్ష ఇక్కడ ఉంది, జాగ్రత్తగా వినండి. హైదరాబాదు విమానంలో సగం మంది దుబాయ్‌లోనే దిగిపోయేవాళ్ళు ఉండొచ్చు. కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ళు, మన గోదావరి జిల్లాల అమ్మాయిలు, పనికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళంతా 'అరైవల్స్' అన్న బోర్డు పట్టుకుని బయటికి పోతారు. తెలుగు వినిపిస్తోంది కదా అని వాళ్ళ వెనక నడిచారంటే ఇమిగ్రేషన్ లైన్లో తేలుతారు. మీరు చూడాల్సిన బోర్డు 'కనెక్షన్స్'. ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో అబ్బాయి చేత పెద్దగా రాయించుకుని, చిన్న కాగితం చేతిలో పెట్టుకోండి. బోర్డుకీ కాగితానికీ సరిపోల్చుకుంటూ వెళ్ళిపోవడమే.

ఆ దారి మిమ్మల్ని సెక్యూరిటీ తనిఖీకి తీసుకెళ్తుంది. శంషాబాదులో చేసినట్టే, సంచి ట్రేలో పెట్టడం, ఫోను బయటికి తీయడం. చెప్పులు విప్పమంటే విప్పండి. గాజులు, పుస్తెలు తీయమని సాధారణంగా అడగరు, ద్వారంలో శబ్దం వస్తే ఆడమనిషే పక్కకి తీసుకెళ్ళి చూస్తుంది. అది అయ్యాక టీవీల్లాంటి పెద్ద తెరలు కనిపిస్తాయి. అక్కడ ఊరి పేరు కాదు, మీ బోర్డింగ్ పాసు మీదున్న విమానం నంబరు వెతకండి, ఇ, కె అక్షరాలతో మొదలవుతుంది. దానికి ఎదురుగా గేటు నంబరు. ఎ, బి, సి అని మొదటి అక్షరం భవనాన్ని చెబుతుంది, తర్వాతి అంకె గేటుని. ఎమిరేట్స్ విమానాలుండే మూడో టెర్మినల్‌కి ఇలాంటి భాగాలున్నాయి. 'ఎ' అన్నది 2013లో ఎ380 అనే రెండంతస్తుల విమానాల కోసమే కట్టింది, ఎ, బి ల మధ్య చిన్న రైలు నడుస్తుంది. డ్రైవరు ఉండడు, టికెట్ ఉండదు, ఎక్కి దిగడమే. మీరు దిగింది ఒక అక్షరంలో, ఎక్కాల్సింది ఇంకో అక్షరంలో అయితే కంగారు పడకండి, రైలు కోసమో నడక కోసమో బాణం గుర్తులుంటాయి.

హైదరాబాదులో ఇచ్చిన బోర్డింగ్ పాసు మీద గేటు నంబరు ఉండకపోవచ్చు. ఉన్నా నమ్మొద్దు. మా పిన్ని కథ చెప్పాలి ఇక్కడ. ఆవిడ ఒక పెద్ద విమానాశ్రయంలో (పేరెందుకు లెండి) పాసు మీదున్న గేటు దగ్గరికి మూడు గంటల ముందే చేరి, సంచి ఒళ్ళో పెట్టుకుని, విష్ణు సహస్రనామం చదువుకుంటూ కూర్చుంది. మధ్యలో గేటు మారింది. చుట్టూ జనం ఉన్నారు కదా అని ధైర్యం. వాళ్ళంతా వేరే ఊరికి. వాళ్ళు లేచి లైను కట్టినప్పుడు తానూ లేచి నిలబడింది, వంతు వచ్చాక పాసు చూసి అక్కడి అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అసలు గేటుకి పరుగెత్తేసరికి తలుపు మూసేశారు. ఏం జరిగింది? రాత్రంతా ఒక కుర్చీలో కూర్చుంది, భోజనం ఇచ్చారు, మర్నాడు ఇంకో విమానంలో ఎక్కించారు. ఇప్పుడు ఆ కథ పెళ్ళిళ్ళలో అందరినీ నవ్విస్తూ చెబుతుంది. గేటు దగ్గర కూర్చున్నా పావుగంటకోసారి తెర చూడాలని మేం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

2024లో ఆ ఒక్క విమానాశ్రయం మీదుగా 9 కోట్ల 23 లక్షల మంది ప్రయాణించారు. అంత సందట్లో మీ పేరు పెట్టి పిలుస్తారని చెవులు రిక్కించుకుని కూర్చోవడం దండగ. కళ్ళనే నమ్ముకోండి. అయితే ఒక ధైర్యం: లోపలికి వెళ్ళిన పెట్టెల మనిషి ఎక్కకపోతే ఆ పెట్టెలు దించేదాకా విమానం బయల్దేరనివ్వరు. ఆ బాధ వాళ్ళకీ ఉంటుంది కాబట్టి ఆలస్యంగా వచ్చే కనెక్షన్ ప్రయాణికుల కోసం కాస్త వెతుకుతారు. కొన్నిసార్లు విమానం తలుపు దగ్గరే ఊరి పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడతారు. డల్లాస్ అన్న అట్ట కనిపిస్తే ఆ మనిషిని వదలకండి.

భాష గురించి బెంగ వద్దు. అక్కడ యూనిఫాంలో ఉన్నవాళ్ళలో మలయాళీలు, ఉత్తరాది వాళ్ళు చాలామంది. బోర్డింగ్ పాసు చూపించి "గేట్?" అంటే వేలు చూపిస్తారు. ఎవరినైనా అడగండి కానీ యూనిఫాం ఉన్నవాళ్ళనే అడగండి. శంషాబాదు లైన్లోనే "ఎవరన్నా డల్లాస్ వెళ్తున్నారా?" అని తెలుగులో గట్టిగా అనండి. తప్పకుండా ఎవరో ఒకరు వెనక్కి తిరుగుతారు, డల్లాస్ అంటే సగం మన ఊరే. వాళ్ళతో కలిసి నడవండి, కానీ మీ కాగితం, మీ పాసు మీ చేతిలోనే ఉండాలి. వాళ్ళ సంచి కాస్త పట్టుకోమంటే మాత్రం, ఎంత మర్యాదస్తులైనా సరే, వద్దనండి.

గడియారం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. బోర్డింగ్ పాసు మీద ఉండేది అక్కడి టైమే. మీ చేతి గడియారం మార్చకపోతే విమానం ఎప్పుడో వెళ్ళిపోయినట్టు కనిపించి గుండె ఆగినంత పనవుతుంది. దిగే ముందే ముల్లు గంటన్నర వెనక్కి తిప్పేయండి.

ఇంకొకటి చాలామంది పిల్లలు చెప్పడం మరిచిపోతారు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ వెళ్ళదు, వీడియో కాల్ అంతకన్నా వెళ్ళదు, ఆ దేశంలో వాటికి అనుమతి లేదు. అక్కడ వైఫై ఉచితమే, మెసేజీలు, వాయిస్ రికార్డింగులు వెళ్తాయి. "ఫోను కలవడం లేదు" అని మీరూ, "అమ్మ ఎత్తడం లేదు" అని అబ్బాయీ రెండు ఖండాల్లో కూర్చుని టెన్షన్ పడొద్దు. "గేటు దగ్గర కూర్చున్నా నాన్నా" అని ఒక వాయిస్ పెట్టేయండి, అంతే. తణుకులో ఉండగానే కోడలికి నాలుగు రికార్డు చేసి పంపి అలవాటు చేసుకోండి.

తప్పిపోతే? దుబాయ్‌లోనే ఉన్న ఎమిరేట్స్ కనెక్షన్స్ డెస్క్ దగ్గరికి వెళ్ళి రెండు పాసులూ చూపించండి. మొదటి విమానం ఆలస్యం వల్ల అయితే మీరు దిగేలోపే కంప్యూటర్‌లో ఇంకో విమానానికి మార్చేసి ఉండొచ్చు కూడా. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే భోజనం కూపన్లు, బస సంగతి వాళ్ళనే అడగాలి, అడగనిదే ఇవ్వని చోట్లు ఉన్నాయి. కొత్త టికెట్ కొనొద్దు. కంగారులో బయటికి వెళ్ళే లైన్లో నిలబడొద్దు. బయట బస ఇస్తామంటే మాత్రం ఒక సౌకర్యం ఉంది: అమెరికా వీసా ఉన్న భారతీయులకి దుబాయ్ చేరాక ఫీజు కట్టించుకుని వీసా ఇచ్చే పద్ధతి 2017 నుంచీ ఉంది. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో 75 ఏళ్ళలో ఎన్నడూ లేనంత వాన కురిసి రన్‌వేలే చెరువులైనప్పుడు వేలమంది ఇరుక్కుపోయారు. అలాంటి రోజున ఎవరికైనా కష్టమే. అందుకే రెండు రోజుల బీపీ మాత్రలు, షుగరు ఉంటే అవి, చీటీతో సహా, ఒక జత బట్టలు, కాసిన్ని బిస్కెట్లు చేతి సంచిలో ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు.

వీల్‌చైర్ దగ్గరికి వద్దాం. సిగ్గు అన్నారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అది ఉచితం, 48 గంటల ముందు చెబితే పెడతారు. అయినా నేను మీకు వద్దనే చెబుతాను, కారణం వేరు. కుర్చీలో వెళ్ళేవాళ్ళు విమానంలోంచి అందరి తర్వాత దిగాలి. తర్వాత ఒక చోట పాతికమందిని కూర్చోబెట్టి, వంతులవారీగా తీసుకెళ్తారు. మీ టైము మీ చేతిలోంచి జారి వేరేవాళ్ళ చేతిలోకి పోతుంది. 2 గంటల 25 నిమిషాల కనెక్షన్‌లో నాకది నచ్చదు. పైగా నడవలేని ముసలాయన కుర్చీ దొరక్క ఎదురుచూస్తుంటాడు, మనం భాష రాదని కుర్చీ తీసుకుంటాం. మోకాళ్ళు నిజంగా మొరాయిస్తే తీసుకోండి, అప్పుడు నా మాట పక్కన పెట్టండి. భయం ఒక్కటే అయితే, దుబాయ్‌లో మర్హబా అని డబ్బు తీసుకుని మనిషిని పంపే సేవ ఉంది. మీ పేరు పట్టుకుని నిలబడి, గేటు దాకా పక్కన నడిచి వస్తారు. అబ్బాయి ఆన్‌లైన్లో బుక్ చేయగలడు. కుర్చీకి ఖర్చు లేదు కదా అని పిల్లలు ముందు అదే ఆలోచిస్తారు. ఈ ఒక్కసారి ఆ డబ్బు పెట్టమనండి.

దుబాయ్ నుంచి డల్లాస్ దాదాపు పదహారు గంటలు. గంటకోసారి లేచి నడవా చివరిదాకా వెళ్ళి రండి. డల్లాస్‌లో ఇమిగ్రేషన్ అయ్యాక పెట్టెలు తీసుకోవడమే, అబ్బాయి బయట ఉంటాడు.

ఆఖరికి తిండి సామాను. పచ్చళ్ళు చేతి సంచిలో వద్దు, నూనె, ఊట ఉన్నవన్నీ తనిఖీలో నీళ్ళ కిందే లెక్క. గట్టిగా మూత బిగించి, రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో. శొంఠిపొడి, కందిపొడి కూడా పెట్టెలోనే. అమెరికా వెళ్ళే విమానాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బా దాటిన ఏ పొడి అయినా చేతి సంచిలో ఉంటే విప్పించి పరీక్ష చేస్తారు, తేలకపోతే అక్కడే వదిలేయాలి. మీకున్న 20 నిమిషాలు కారప్పొడికి పోతాయి. ఎండుకొబ్బరికి నూనె వల్ల నిప్పంటుకునే గుణం ఉందని పెట్టెల్లో కూడా పెట్టనివ్వడం లేదు. పచ్చి కరివేపాకు డల్లాస్‌లో తీసేసుకుంటారు, నిమ్మజాతి చెట్లకి తెగులు తెస్తుందని.

గసగసాలు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. దుబాయ్ ఉన్న దేశంలో అవి నిషిద్ధం, మత్తుమందు కింద చూస్తారు. మారడానికే కదా, పెట్టె తెరవరు కదా అనుకోకండి. ఒక్క గింజ కూడా వద్దు, మసాలా పొడిలో కలిపినదైనా సరే. డల్లాస్‌లో ఇండియన్ కొట్లలో పొట్లాలు దొరుకుతాయి, అబ్బాయిని ఇప్పుడే కొని ఉంచమనండి.